పొట్ట మీది మచ్చలు

ఊరినుంచి వచ్చిన పెద్దకోడలు సంచి గుమ్మంలోనే దించి, ఎవరినీ పలకరించకుండా పెరటివైపున్న పిల్లుల గదిలోకి వెళ్లింది. అన్నగారి కూతురు పురిటికి సాయమని వెళ్లి పన్నెండు రోజులు అక్కడే ఉండిపోయింది. ఉన్నన్నాళ్లూ చేతుల్లో మనుషుల బిడ్డ ఆడుతున్నా మనసు మాత్రం ఇక్కడి కూనల చుట్టే తిరిగింది.

గదిలో మూడు కూనలు తల్లి పొట్టకు ఆనుకుని పడుకున్నాయి. ఒక్కొక్కదాన్నీ రొమ్ము కింద చెయ్యి వేసి లేపి, జాలీ కిటికీ దగ్గర ఎండలో పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. వెనక కాళ్లు ముందుకాళ్లకంటే రవ్వంత పొడుగు. నడిస్తే నడుం భుజాలకంటే ఎత్తుగా లేస్తుంది. చెవులు పొట్టిగా ఉండి కొసలు గుండ్రంగా తిరిగాయి. చెవి వెనక సున్నం అంటిన వేలు ఆనించినట్టు తెల్లమచ్చ. కళ్ల కింద కాటుక కారినట్టు గీత. తోక లావు, కొస నలుపు. ఒంటి మీద వట్టి చుక్కలు కావు, నల్లటి అంచూ లోపల ఇటుకరంగూ ఉన్న మచ్చలు. అడవిపిల్లికీ ఇంటిపిల్లికీ కలిపి పుట్టించిన జాతి అది. నాలుగు తరాలు దాటేసరికి కోపం అడవిలో వదిలేసి ఒళ్లు మాత్రం వెంట తెచ్చుకుందని పశువుల డాక్టరు అంటుంటాడు.

అంతకుముందు పదేళ్లుగా ఆ ఇంట్లో తెల్లటి బొచ్చుపిల్లుల్నే పెంచారు. ఈ మచ్చల జాతికి ఇది మొదటి ఈత. నాలుగు కూనలు పుట్టాయి. నాలుగో వారంలో అన్నిటికంటే చిన్నదాన్ని తల్లి దగ్గరికి రానివ్వకపోతే, బయల్దేరే ముందు తోడికోడలి చేతిలో పెట్టి వెళ్లింది.

"నాలుగోది ఏదీ?" అని కేకేసింది.

చిన్నకోడలు వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, తన గదిలోకి వెళ్లి, తువ్వాలులో చుట్టిన కూనను తెచ్చింది. ముఖం వెలిగిపోతోంది. "పాలు దక్కక వేలాడిపోయింది కదక్కా, ఇప్పుడు చూడండి. మిగతావాటితో సమానంగా తూగుతోంది" అంటూ తువ్వాలు విప్పింది.

పెద్దకోడలు చూసింది. బూడిదరంగు బొచ్చు. ఏకిన దూదిలా రేగి ఉంది. వీపు మీద మచ్చ లేదు, చుక్క లేదు.

"ఇదెవరి పిల్ల?"

"అదేంటక్కా, మనదే."

"మనదానికి మచ్చలుండాలి. దీనికి బూడిదుంది."

వరండాలో పప్పు ఏరుతున్న అత్తగారు చాట పక్కన పెట్టి వచ్చి తొంగిచూసింది. "పోనీలే, గిన్నెలు తోముకోడానికి పనికొస్తుంది" అంది.

చిన్నకోడలు నవ్వబోయి ఆగిపోయింది. నవ్వాల్సిన మాట కాదని అప్పుడు అర్థమైంది. "రోజురోజుకీ అలా మసకబారిందక్కా. నేనూ కంగారుపడ్డాను. నాలుగు రోజులు ఆ పాలు పడి అలా అయిందేమోనని..."

"ఏ పాలు?"

చిన్నకోడలు తువ్వాలు కొస సర్దింది. తర్వాత చెప్పింది. డ్రాపర్‌తో పట్టిన పాలు కూన పట్టినట్టే కక్కేసింది. సామాన్ల కొట్టులో వీధిపిల్లి ఒకటి ఈని ఉంది. ప్రాణం పోతుందేమోనన్న భయంతో తీసుకెళ్లి దాని పిల్లల పక్కన పెట్టింది. అది నాకి, తన పిల్లల్లో కలుపుకుంది. నాలుగు రోజులకు కోలుకున్నాక తను తిరిగి తెచ్చేసుకుంది.

"కలుపుకుంది!" పెద్దకోడలు గొంతు లేచింది. "నాలుగు పిల్లల్లోంచి నీ చేతికేది దొరికితే అది తెచ్చుకున్నావన్నమాట."

"లేదక్కా. గంటగంటకీ వెళ్లి చూస్తూనే ఉన్నాను. నాకు తెలీదా?"

"లేకపోతే మనది వెళ్లాల్సిన చోటికే వెళ్లిందేమో. మీ చెల్లెలు పోయిన నెల అడిగింది కదూ, ఒక మచ్చలపిల్లిని ఇప్పించమని?"

ముందుగదిలో కుట్టుమిషను ఆగింది. పెద్దకొడుకు దర్జీ. ఇంట్లో మాట పెరిగితే అతని కాలు మిషను మీద ఆగిపోతుంది, అంతే. లేచి రాడు.

"ఒక్కసారి చేతిలోకి తీసుకుని చూడండక్కా" అని చిన్నకోడలు కూనను ముందుకు చాపింది.

పెద్దకోడలు రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని అడుగు వెనక్కి వేసింది. "వీధిపిల్లి పాలు తాగినదాన్ని ముట్టుకుని, మిగతావాటికి లేని రోగం తగిలించమంటావా? ఎక్కడినుంచి తెచ్చావో అక్కడే పారేసిరా. ఇవాళ్టినుంచి ఈ గదిలో నీకు పని లేదు."

"పెద్దది అడుగుతుంటే నోరు పెగలదేం?" అంది అత్తగారు.

చిన్నకోడలు తువ్వాలు మళ్లీ చుట్టింది. కొట్టువైపు వెళ్లలేదు. తన గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. కాసేపటికి మిషను మళ్లీ కదిలింది.

మర్నాడు, మంగళవారం, పెద్దకోడలు దేవుడి ముందు దీపం పెట్టి చాలాసేపు కూర్చుంది. ప్రతిరోజూ ఆమె అడిగేవి అందరూ అడిగేవే. ఆవేళ మాత్రం, స్వామీ, ఈ ఇంట్లో జరిగిన మోసం ఏదో నువ్వే బయటపెట్టు అని అడిగింది. అడిగి లేచాక మనసు తేలికపడింది. న్యాయం తనవైపే ఉందనుకున్నవాళ్లకు ప్రార్థన సులువుగా సాగుతుంది.

ఇన్నాళ్లూ ఇద్దరు చేసిన పని ఒంటిచేత్తో చేస్తే ఎంతసేపు పడుతుందో అప్పుడు తెలిసింది. ట్రేలలో తడిసిన ఇసుక ఎత్తి పోయాలి. పళ్లేలు వేడినీళ్లతో కడగాలి. కుట్టుమిషను దగ్గర మిగిలిన గుడ్డముక్కలు ఉతికి ఆరేసి పరుపులు మార్చాలి. కూనల్ని త్రాసులో పెడితే నిలవవు, చెయ్యి అడ్డుపెట్టి ఆపి, తీసిన క్షణంలో ముల్లు చూడాలి. ముల్లు నిలిచేలోపు ఒకటి దూకి గోడవారకు పోయింది.

చిన్నకోడలు తన గదిలోనే చిన్న స్టవ్ పెట్టుకుని అన్నం వండుకుంది. ఆ వాసన వరండాలోకి వచ్చినప్పుడల్లా అత్తగారు ఎవరితోనూ కాకుండా మాట్లాడింది. "ఇంట్లో రెండు పొయ్యిలు. ఒకటి మనుషులకి, ఒకటి పిల్లికి."

పెరడు ఊడ్చే పని మాత్రం చిన్నకోడలు మానలేదు. ఎవరూ మానమనలేదు గనక ఊడ్చింది. పదిగంటల ఎండలో చీపురు చప్పుడు జాలీ కిటికీ దాకా వచ్చి ఆగింది. లోపల పళ్లేలు సర్దుతున్న పెద్దకోడలు తలెత్తింది. తోడికోడలు కిటికీకి అవతల నిలబడి ఎండలో పడుకున్న కూనల వైపు చూస్తోంది.

"ఏంటక్కడ?"

"ఏం లేదక్కా."

"లేనప్పుడు ఊడ్చుకో." పెద్దకోడలు కర్టెన్ లాగేసింది. చీపురు చప్పుడు కాసేపటికిగాని మొదలు కాలేదు.

సాయంత్రం చిన్నకొడుకు వచ్చాడు. బస్సు డ్రైవరు. రెండు రోజులకోసారి ఇంటికి వస్తాడు. జరిగిందంతా భార్య ముందే ఫోన్లో చెప్పింది. యూనిఫాం చొక్కా విప్పకుండానే వచ్చి వదినగారి ఎదురుగా నిలబడ్డాడు.

"వదినా, దారిలో దిగి మా మరదలి ఇంటికి వెళ్లొచ్చాను. వంటిల్లు, పెరడు, మంచం కింద, అన్నీ చూశాను. పిల్లి లేదు. ఎందుకు చూస్తున్నావు బావా అని అడిగింది. చెప్పాల్సొచ్చింది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు నాకు."

"నేను దొంగ అన్నానా? నాలుగోది ఏదని అడిగాను."

"అదే మాట బస్సులో కండక్టరు ఒకడితో అంటే, వాడు ఉద్యోగం మానేసి పోతాడు."

"నీ బస్సు సంగతులు ఇక్కడెందుకురా?" అంది అత్తగారు. "పరాయి ఇంటి పిల్ల పాపం, ఏదో ఆశపడింది. పెద్దది నాలుగు మాటలంది. సర్దుకుపోవాలి."

"ఆశపడిందని నువ్వూ అంటున్నావుగా అమ్మా. ఇంకేం సర్దుకోవాలి?"

"తొందరపడకురా" అన్నాడు దర్జీ, ముందుగదిలోంచి. నోట్లో గుండుసూదులు ఉన్నట్టున్నాయి, మాట సగమే వచ్చింది.

డిపో వెనక రెండు గదులు ఖాళీగా ఉన్నాయని, శుక్రవారం పొద్దున వెళ్లిపోతున్నామని డ్రైవరు చెప్పాడు. చిన్నకోడలు అతని వెనక గుమ్మంలో నిలబడి ఉంది. భుజం మీదికి పాకుతున్న బూడిదరంగు కూనను ఒక చేత్తో కిందికి దించుకుంది.

వెళ్లనీ, అనుకుంది పెద్దకోడలు. తప్పు చేసినవాళ్లకే అంత రోషం ఉంటుంది.

బుధవారం పొద్దున కర్టెన్ తీస్తే ఎండ సూటిగా కూనల మీద పడింది. పెద్ద కూన భుజాల మీద ఏదో అంటుకున్నట్టు కనబడింది. ట్రేలో ఇసుక తాలూకు దుమ్ము అనుకుని చేత్తో దులిపింది. పోలేదు. తడిగుడ్డతో తుడిచింది. తుడిచినంతమేరా మచ్చలు నల్లగా తేలాయి. దుమ్మే, అనుకుంది. రెండోదాన్ని కూడా దగ్గరికి లాక్కుని చూసింది. వెన్నుపూస పొడుగునా సన్నటి బూడిదరంగు వెంట్రుక లేచి ఉంది. మూడోదానికి మెడ చుట్టూ.

మధ్యాహ్నం బేసిన్‌లో గోరువెచ్చని నీళ్లు పోసి మూడిటికీ స్నానం చేయించింది. కూనలు గోళ్లతో బేసిన్ అంచు పట్టుకుని అరిచాయి. తల్లి తలుపు దగ్గర తచ్చాడుతూ గుర్రుమంది. తడిసిన ఒళ్ల మీద ప్రతి మచ్చా అచ్చుగుద్దినట్టు కనబడింది. ఆమెకు ప్రాణం లేచివచ్చింది. "చూశారా, నా బంగారాలు" అని ఒక్కొక్కదాన్నీ తువ్వాలులో ఒత్తి, ఎండపడే చోట వదిలింది.

అక్కడే కూర్చుని చూసింది. నీరు ఆరేకొద్దీ వెంట్రుకలు ఒకటొకటిగా లేచాయి. రాసిన పలక మీద అరచేత్తో రుద్దినట్టు మచ్చల అంచులు చెదిరాయి. గంట తిరిగేసరికి మూడు కూనలూ ఏకిన దూదిలా ఉన్నాయి.

తోడికోడలి గదిలో ఉన్నదానికీ వీటికీ తేడా ఏమిటని ఎవరైనా అడిగితే ఆమె చెప్పలేకపోయేది.

సబ్బు పడలేదేమో అనుకుంది. బొచ్చుపిల్లులకు వాడిన సబ్బు కదా. దూరంగా ఉంచినా వీధిపిల్లి రోగం తగిలిందేమో అనుకుంది. అమ్మినవాళ్లు తల్లి విషయంలోనే మోసం చేశారేమో అనుకుంది. ఒక్క సంగతి మాత్రం మనసులోకి రానివ్వకుండా ఆ పూటంతా గడిపింది.

గురువారం తొమ్మిదింటికి కూనల్ని మూతబుట్టలో పెట్టుకుని డాక్టరు దగ్గరికి నడిచింది. ఆసుపత్రి వరండాలో కుంటుతున్న మేక ఒకటి, దాని యజమానీ తప్ప ఎవరూ లేరు. డాక్టరు ముసలాయన. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, బుట్ట మూత తీసి, నవ్వాడు.

"ముసుగు కప్పుకున్నాయే!"

"ఏం రోగమండీ?"

"రోగం కాదమ్మా. ఈ జాతి కూనలకి నెల దాటాక పైన ఒక పొర వెంట్రుక లేస్తుంది. అడవిలో తల్లి వేటకు పోతే ఇవి ఒంటరిగా ఉండాలిగా. మెరిసే మచ్చలతో కూర్చుంటే ఎవడో ఎగరేసుకుపోతాడు. మట్టిలో మట్టిలా ఉండటానికి ఆ ఏర్పాటు. ఇంట్లో పుట్టినా ఒంటికి ఆ సంగతి తెలీదు పాపం. నాలుగో నెల దాటేసరికి అదే రాలిపోతుంది. మళ్లీ మచ్చలు తేలతాయి, ముందుకంటే బాగా."

అంటూ పెద్దదాన్ని వెల్లకిలా తిప్పి, నాలుగు కాళ్లూ రెండు వేళ్ల మధ్య ఇరికించి పట్టుకున్నాడు. పొట్ట లేతగా, దాని మీద వరసగా నల్లటి మచ్చలు. ఒక్కటి కూడా చెదరలేదు.

"పొట్టకి ఆ పొర అంతగా పట్టదు. ఎప్పుడు అనుమానం వచ్చినా తిప్పి చూసుకోవడమే. వీధిపిల్లి పొట్ట ఇలా ఉండదు."

పెద్దకోడలు ఆ మచ్చల వైపే చూసింది. "ఒకదానికి ముందు, ఒకదానికి వెనక వస్తుందాండీ ఇది?"

"పసిపిల్లలకి పళ్లు రావూ? అలాగే. మీకు తెలిసే ఉంటుందనుకున్నాను, పదేళ్లుగా పిల్లుల్ని పెంచుతున్నవాళ్లు." అతను కూనను బుట్టలో దించాడు. "నాలుగు పుట్టాయన్నారు కదూ? ఇంకోటేదీ?"

"ఇంట్లో ఉందండీ" అంది.

తిరిగివచ్చేసరికి అత్తగారు వరండాలోనే ఉంది. "ఏమన్నాడు?"

"బాగానే ఉన్నాయన్నాడు."

"ఉండవూ మరి. నీ చేతిలో పెరిగినవి."

చిన్నకోడలి గదిలోంచి గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పెడుతున్న చప్పుడు వస్తోంది. పెద్దకోడలు ఆ తలుపు దాకా వెళ్లింది. లోపల తోడికోడలు నేల మీద కూర్చుని గ్లాసుల మధ్య పాతగుడ్డలు దూరుస్తోంది. పెద్దకోడలు ద్వారబంధం మీద చెయ్యి వేసింది. గొంతు సవరించుకుంది. చిన్నకోడలు తలెత్తి చూసింది.

"ఆ పెద్ద గిన్నె అత్తయ్యది" అంది.

"తెలుసక్కా. పక్కన పెట్టాను."

సాయంత్రం దీపం ముందు కూర్చుంటే అడగడానికి ఏమీ తోచలేదు. మొన్న అడిగింది దొరికింది. మోసం బయటపడింది. తోడికోడలు చెయ్యని తప్పును పదిమంది ముందు గొంతెత్తి అన్న నోరు, తను చేసిన తప్పును ఒక్క మనిషి ముందు ఎందుకు చెప్పలేకపోయిందో ఆమెకు అర్థం కాలేదు. వత్తి సర్ది లేచింది.

శుక్రవారం పొద్దున వ్యాను వచ్చి వీధిలో ఆగింది. చిన్నకొడుకూ, ఇంకెవరో స్నేహితుడూ కలిసి మంచం ఎక్కించారు. తర్వాత రేకు పెట్టె. దర్జీ ఆవేళ మిషను ముందు కూర్చున్నాడుగానీ దారం ఎక్కించలేదు. అత్తగారు వరండాలో స్తంభానికి ఆనుకుని, వెళ్లేవాళ్లకు వినబడేంత గట్టిగా నిట్టూరుస్తోంది.

మెట్టు మీద వెదురుబుట్ట ఉంది. గుడ్డ కప్పి ఉంది. పెద్దకోడలు వంగి గుడ్డ తీసింది. బూడిదరంగు కూన ఆమెను చూసి వీపు విల్లులా వంచి బుస్సుమంది. ఆమె రెండు చేతులూ చాపి దాన్ని పైకి తీసి, వెల్లకిలా తిప్పింది. అది మణికట్టు మీద పొడుగ్గా గీరింది. ఆమె వదల్లేదు. పొట్ట మీద మచ్చలు వరసగా, నల్లగా ఉన్నాయి. చూడక్కరలేదు, తెలిసిందే. అయినా చూసింది.

"ముట్టుకుంటే రోగం వస్తుందన్నారుగా వదినా" అన్నాడు డ్రైవరు.

ఆమె కూనను బుట్టలో పెట్టింది. నిలబడింది. "ఇది మనదే" అంది. మళ్లీ అంది, ఈసారి ముందుగదిలోకి వినబడేలా. "ఇది మనదే. ఎవరూ మార్చలేదు. లోపలున్న మూడూ ఇలాగే అయ్యాయి. ఈ జాతికి ఈ వయసులో అలా అవుతుందట. నాకు తెలీక అన్నాను. తప్పు నాది."

స్నేహితుడు ఇబ్బందిగా వ్యాను వెనక్కి వెళ్లిపోయాడు.

"ఎప్పుడు తెలిసింది?" అన్నాడు డ్రైవరు.

"డాక్టరు చెప్పాడు. నిన్న."

"నిన్నెప్పుడు?"

"పొద్దున."

"పొద్దున" అన్నాడతను. లెక్క సరిపోయినట్టు తలూపి, కుర్చీ ఒకటి భుజానికెత్తుకుని వీధిలోకి నడిచాడు.

"ఇదేంటే!" అత్తగారు స్తంభం వదిలి ముందుకొచ్చింది. "నువ్వన్నావనేగా నేనూ రెండన్నాను! నాకేం తెలుసు పిల్లుల సంగతి? నా కొడుకును ఇంట్లోంచి వెళ్లగొట్టి ఇప్పుడొచ్చి..." ఆమె గొంతులో నిన్నటిదాకా చిన్నకోడలి మీద ఉన్న పదునంతా అలాగే ఉంది, తిరిగిన వైపే వేరు.

చిన్నకోడలు వరండా కొసన పరుపుచుట్ట ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉంది. తాడు కింద నుంచి తీసి పైకి తెస్తోంది. తలెత్తలేదు.

పెద్దకోడలు దగ్గరికి వెళ్లింది. "విన్నావా?"

"నాకు తెలుసక్కా."

"ఏం తెలుసు?"

"మంగళవారం కిటికీలోంచి చూశాను. పెద్దదాని భుజం మీద బూడిద లేచింది. నాదానికీ ముందు అక్కడే మొదలైంది."

పెద్దకోడలు ఇంకో అడుగు దగ్గరికి వేసింది. "మంగళవారమే తెలిస్తే మరి చెప్పలేదేం? ఒక్క మాట చెప్తే ఇదంతా..."

"చెప్తే వాటిని కూడా నేనే మార్చేశానంటారని."

ఆ మాట ఎత్తిపొడుపులా లేదు. పాలు ఎందుకు విరిగాయంటే చెప్పినట్టు చెప్పింది. పెద్దకోడలు, అలా అనేదాన్ని కాదు అని చెప్పబోయింది. మంగళవారం పదిగంటలకు, కర్టెన్ లాగిన చేత్తో, తను ఏమని ఉండేదో ఆలోచించింది.

"ఉండిపో" అంది చివరికి. "నా కోసం కాదు. ఎవరూ ఇంకేమీ అనరు."

చిన్నకోడలు తాడు రెండు కొసలూ కలిపి ఒక ముడి వేసింది. అది జారుతోంది. చుట్ట మీద మోకాలు ఆనించి బలంగా లాగింది. మళ్లీ జారింది.

"ఇక్కడ వేలు పెట్టండక్కా" అంది.

పెద్దకోడలు కూర్చుంది. గీరుకుపోయిన చెయ్యి చాపి ముడి మీద వేలు ఆనించింది. చిన్నకోడలు రెండో ముడి తిప్పి, పెదవి బిగించి, మెల్లిగా లాగుతూ వచ్చింది. తాడు వేలి మీద బిగుసుకుంది.

"ఇక తీసేయండి."

ఆమె తీసింది. ముడి పడింది. చిన్నకోడలు చుట్టను నిలువుగా నిలబెట్టి, ఒక్కతే భుజానికెత్తుకుని మెట్లు దిగింది.